ఒకే తొట్టిలో నియాన్ టెట్రాలు

ఇవాళ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక షాపు అద్దాల తొట్టిలో నియాన్ టెట్రా చేపల గుంపు నీలంగా మెరిసింది. రోడ్డు మీదే కేక పెట్టాను! ఉద్యమం రోజులు గుర్తున్నాయా? బంద్ అంటే బడి లేదని ఎగిరేవాళ్లం కదా! అలాంటి ఒక రోజు నేనూ, మేడ మీది గుంటూరు వాళ్ల స్వాతీ సగం దించిన షట్టర్ కింద నుంచి దూరి ఈ చేపలే కొన్నాం. చెరిసగం పంచుకుందామనుకున్నాం.

"గుంపు ఇడగొడితే బెదిరి సస్తయ్ బిడ్డా. ఒక్క తొట్లనే పెట్టుండ్రి," అన్నాడు షాపాయన. ఏంజెల్ ఫిష్ కూడా అడిగితే, "అది వీటిని మింగుతది," అని ఇవ్వలేదు.

తొట్టి మా ఇంట్లో పెట్టాం. టీవీలో రాష్ట్రం గొడవ మొదలయ్యాక మా నాన్నతో మాటలు మానేసిన స్వాతి వాళ్ల నాన్న, ఆ సాయంత్రమే మెట్లు దిగొచ్చారు.

"చేపలు మేత తింటున్నాయాండీ?"

"మంచిగ తింటున్నయ్. కూసోండ్రి, చాయ్ తాగుదురు," అన్నాడు మా నాన్న, టీవీ కట్టేస్తూ.