కుడి వరుస చేపలు

మా ఇంట్లో ఒకరు తుమ్మితే అందరం కషాయం తాగాల్సిందే. మంచం కింద దూరినా లాభం లేదు, తాతయ్య గ్లాసు పట్టుకుని అక్కడికీ వంగుతాడు. అలాంటి మనిషిని చేపల జబ్బుల ల్యాబులో మేత వేసే పనికి పెట్టుకున్నారు. పెట్టుకున్నవాళ్లకి ఈ సంగతి తెలీదు, పాపం.

చెరువుల్లో పెంచే చేపలకు ఒక వైరస్ జబ్బు వస్తోంది. కళ్లు ఉబ్బి, ఒళ్లంతా పుళ్లు పడి, చచ్చి తేలుతాయి. మందు లేదు. ఒక ఆకు పసరు పనిచేస్తుందేమోనని ల్యాబు మేడమ్ ఆశ. ల్యాబులో రెండు వరుసల్లో ఉన్న గాజు తొట్టెల చేపలన్నిటికీ జబ్బు ఎక్కించి, ఎడమ వరుసకు పసరు పట్టించిన మేత, కుడి వరుసకు ఉత్త మేత వేయించేది. ఎడమవి బతికి కుడివి చస్తే ఆకు గెలిచినట్టు.

తాతయ్యకు కుడి వరుస మీదే బెంగ.

"గాజుకి మూతి ఆనించి నన్నే చూస్తాయే," అనేవాడు.

"నిన్ను కాదు తాతయ్యా, నీ చేతిలో డబ్బాని."

పరీక్ష అయిపోయింది. రెండు వరుసల్లోనూ చేపలు ఇంచుమించు ఒకేలా బతికాయి. ఈసారి జబ్బే బలంగా లేదు, ఆకు వల్ల ఒరిగిందేమీ లేదని మేడమ్ తేల్చేసి, మిగిలిన పసరు పారబోయమంది. తాతయ్య సీసాలు సంచిలో వేసుకుని ఇంటికి వచ్చాడు.

"మాకు తాగిస్తావా ఏంటి?" అన్నాను.

నవ్వలేదు. కుర్చీలో కూలబడ్డాడు.

"కుడి వాటికీ పసరు మేత వేశానే. మరీ నీరసంగా ఉన్నప్పుడు... చూడలేక."

"అయితే ఆకు పనిచేసినట్టేగా!"

"అవును. చెబితే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆకు పోతుంది."

మర్నాడు వెళ్లి చెప్పేశాడు. మేడమ్ తల పట్టుకుందట.

"తీసెయ్యండమ్మా నన్ను," అన్నాడట తాతయ్య.

"తీసేస్తే నీకు హాయి బాబాయ్. పరీక్ష మళ్లీ మొదటి నుంచీ పెడుతున్నాను. మేత నువ్వే వెయ్యాలి. తప్పు చేసి వచ్చి చెప్పేవాడు నాకు ఇంకొకడు దొరకడు."

తాతయ్య ఇంట్లో మర్చిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి ఓ రోజు ల్యాబుకి వెళ్లాను. ఎడమ తొట్టెల్లో చేపలు చురుగ్గా తిరుగుతున్నాయి. కుడి వైపు తాతయ్య ఉత్త మేత గుప్పిట్లోకి తీసుకుని నిలబడ్డాడు. ఉబ్బిన కళ్లతో ఒక చేప గాజు దగ్గరికి వచ్చింది. పసరు మేత డబ్బా చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది.

"తినమ్మా, ఇంతే ఉంది," అని గుప్పిట విప్పాడు.

నాకు ఏదో ఒక జోకు వెయ్యాలనిపించింది. ఒక్కటీ తట్టలేదు.

చివరి రోజున మేడమ్ గదిలోంచి పరుగెత్తుకొచ్చి, "బాబాయ్, ఆకు గెలిచింది!" అని కేకేసిందట.

"మంచిదమ్మా," అన్నాడట తాతయ్య. అప్పటికి కుడి తొట్టెల్లో తేలినవాటిని చిన్న వలతో ఒక్కొక్కటిగా తీస్తున్నాడు. ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు.