క్షమకు మూడు మాటలు

మూలకుళంలో మా పక్కింటి అరబీ మాస్టారు శుక్రవారం పోయారు. ఆఫీసులో ఉండగా ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఏడుపు కంటే ముందు నాకు విసుగొచ్చింది. పని సగంలో వదిలేసి వెళ్ళిపోయారు మనిషి.

ఆయన ఇంట్లో మాట్లాడేది తెలుగే, రాయడం మాత్రం రాదు. ఖురాన్‌లో ఒకేలా అనిపించే మాటల మధ్య తేడాలు, నెల్లూరులో చదువుకునే మనవరాలి కోసం తెలుగులో రాయించాలనుకున్నారు. యానాం నుంచి ఈ తమిళ ఊరికి బదిలీ మీద వచ్చిన నేను దొరికాను. ఆదివారాలు కూర్చుంటే ఆరు నెలల పనే అనుకున్నాను. మూడేళ్ళయింది.

వానకి ఖురాన్‌లో రెండు మాటలుంటే, నేను రెండుచోట్లా 'వాన' అని రాశాను. కొట్టేయించారు.

"ఒకటి ఆదుకునే వాన. ఇంకోటి చాలాచోట్ల శిక్షగా పడే వాన. రెండూ ఒకటేనా అమ్మా?"

నాలుగు వారాలు ఆ వానలోనే ఉన్నాం. "తొందరపడితే మాట దొరకదు, దాని చుట్టం దొరుకుద్ది" అనేవారు. చుట్టమైనా చాలు, పేజీ తిప్పండి అనాలనిపించేది.

తర్వాత, ఇంట్లోవాళ్ళు ఎదురు తిరిగినా ఎలా చూసుకోవాలో చెప్పే ఒకే వాక్యంలో మూడు మాటలు వచ్చాయి. నాకు మూడూ క్షమించడమే.

"మొదటిది శిక్ష వదిలేసేది. రెండోది ఎత్తిపొడవకుండా ఉండేది. మూడోది తప్పుని కప్పి పెట్టేది. వీటికి తెలుగు మాటలు యాడుండాయో చూడు."

ఐదు వారాలు చూశాను. ఏది చెప్పినా తల అడ్డంగా ఊపారు. చివరికి వాళ్ళ చుట్టాలు కూర్చుని ఉండగానే నోరు జారాను.

"మాస్టారూ, ఇది మీరు బతికుండగా అవదండి. ఎవరి కోసం ఈ చాదస్తం?"

కాయితాలు అక్కడే వదిలేసి వచ్చేశాను. మూడు ఆదివారాలు మళ్ళీ అటు వెళ్ళలేదు.

నాలుగో ఆదివారం ఆయనే కర్ర పట్టుకుని మా మెట్లెక్కారు. తప్పయిందని చెప్పబోతే వినిపించుకోలేదు. కాయితాలు నా ముందు పెట్టి, "ఏ మాట కాడ ఆగినాం అమ్మా?" అన్నారు. తర్వాత ఏనాడూ ఆ సంగతి ఎత్తలేదు. నేను నోరు జారిన రోజు చుట్టాలు నన్ను ఏదో అనబోతే, "పాపం, తలనొప్పితో వచ్చింది" అన్నారని కోడలు చాన్నాళ్ళకి చెప్పింది. నాకు ఏ తలనొప్పీ లేదు.

ఆ మూడూ నాకు చేసిపెట్టారు. తెలుగులో ఏమనాలో మాత్రం చెప్పకుండా పోయారు. దాని మీద ఇప్పటికీ కోపమే.

నిన్న ఆదివారం అలవాటుగా వాళ్ళింటికి వెళ్ళాను. కోడలు ఆయన వైరు కుర్చీ కడిగి వరండాలో ఎండకి పెట్టింది. ఆయన కూర్చున్న మేర గుంటపడి ఉంది. అక్కడి అల్లిక సందుల్లోంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కే కిందికి కారుతున్నాయి.