నడిమి బంతి

కొత్త టెన్నిస్ బంతుల డబ్బా మూత తీయగానే వచ్చే రబ్బరు వాసనకు నాకు సిద్దిపేట క్లబ్బు గుర్తొస్తుంది. నిజాం కాలం. తహసీల్దారు సాబు, ఆయన కచ్చేరీలో గుమాస్తాగా ఉన్న మా బాపు అక్కడ జోడీగా ఆడేవారు. సాబు కుడివైపు, బాపు ఎడమవైపు.

ఇద్దరి మధ్యకు వచ్చిన బంతిని బాపు ఎన్నడూ ముట్టేవాడు కాదు. ఒక అడుగు వెనక్కి వేసి, తల కొంచెం వంచి, సాబుకు దారి ఇచ్చేవాడు. సాబు అందుకునేలోపు బంతి దాటిపోయేది. మా బాపుకు బంతంటే భయమనుకుని, చూస్తున్న నాకు ఏడుపొచ్చేది.

ఒకనాడు అట్లాగే ఓడిపోబోతుంటే సాబు ఆట ఆపాడు.

"నడిమి బంతి ఎందుకిడిసిపెడుతున్నవయ్యా?"

"మీరుండంగ నేనెట్ల కొడత సర్కార్?"

"నీ కుడిచెయ్యి నడిమికే ఉన్నది. గది నీ బంతే. కచ్చేరిల నేను పెద్ద, గీడ గాదు. కొట్టు!"

మరుసటి బంతి మధ్యకే వచ్చింది. బాపు సాబుకు అడ్డంగా దూకి కొట్టాడు. ఎదుటివాళ్లు కదలలేకపోయారు. కొట్టిన వెంటనే బాపు బెదురుగా వెనక్కి చూశాడు. సాబు రాకెట్ చంకలో పెట్టుకుని చప్పట్లు కొడుతున్నాడు.

ఇంటికి పోయేటప్పుడు బాపు మళ్లీ ఆయన వెనకాలే నడిచాడు. అయినా ఆ ఒక్క బంతికి బాపును ముందుకు పిలిచిన ఆ మనిషికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఇప్పుడు నాతో జోడీ కట్టే పిల్లలు, పెద్దదాన్నని నడిమి బంతి నాకు వదిలేస్తారు. "గది నీదే, కొట్టు!" అని కసురుతాను. కొడితే, రాకెట్ చంకలో పెట్టుకుని చప్పట్లు కొడతాను.