తలుపు మూస్తే మోగిన బెల్లు

వీధిలో ఏ కాలింగ్ బెల్లయినా బెల్లక్క చెయ్యి పడ్డాకే గొంతు విప్పేది. చచ్చిన బెల్లు కూడా ఆమె అడుగుల చప్పుడు వింటే హడలిపోయి మోగుతుందని మొగుడు కోతలు కోసేవాడు. అబద్ధమన్నవాళ్లింట్లో బెల్లు మూగబోతుందని బెదిరించేవాడు కూడా.

అంతటి ఘనురాలికి తనదంటూ ఉన్నది ముందుగదిలో ఓ మూల, ఓ బల్ల. ఆ మూల మీదే ఆడపడుచు కన్ను. ఆమె బట్టలు కుట్టేది. గుడ్డల కట్టలకి గదంతా కావాలి. సూదితో ఒకరు, సోల్డరింగ్ కడ్డీతో ఒకరు, మొహమొహాలు చూసుకోకుండా ఒకే గదిలో పగలంతా కూర్చునేవారు.

"వదినా, నా గుడ్డలు మాయమవుతున్నాయి. ఈ వీధి తలుపు తెరిస్తే మోగేలా బెల్లు పెట్టు. పెట్టావా, మూల నీది. లేదా, బల్ల వీధిలోకి."

"బెల్లా? నిద్రలోనైనా పెడతా, అమ్మాయ్."

నిద్రలోనే పెట్టినట్టుంది. తలుపు చట్రానికి, వైర్లు అతికించే మూడు కాళ్లున్న చిన్న స్విచ్చి బిగించింది. తలుపు మూస్తే దాని నాలుక నొక్కుకుంటుంది, తెరిస్తే వదులవుతుంది. బిగించేముందు బల్ల మీద వేలితో నొక్కి చూస్తే గణగణ మోగింది. జన్మంతా నొక్కితే మోగే బెల్లులతో వేగిన మనిషి, ఇంకేం ఆలోచిస్తుంది?

తలుపు మూసింది. ఇంటికప్పు లేచిపోయేంత మోత. తెరిచింది. నిశ్శబ్దం.

"దొంగొస్తే గమ్మునుంటుంది, ఎవరూ రాకపోతే గగ్గోలు పెడుతుందా?" ఆడపడుచు పడీపడీ నవ్వింది. "అచ్చం నీ బుర్రే. తియ్యి బల్ల!"

బెల్లక్క మొహం మాడిపోయింది. ఆ స్విచ్చికి ఒక కాలు ఉమ్మడిది. రెండోదానికి వైరు కలిపితే నొక్కినప్పుడు కరెంటు పారుతుంది, మూడోదానికి కలిపితే వదిలినప్పుడు. అలవాటుకొద్దీ చెయ్యి రెండోదాని మీదికే పోయింది. పళ్లు కొరుకుతూ వైరు ఊడదీసి మూడోదానికి అతికించింది. మూస్తే చడీచప్పుడు లేదు. తెరిస్తే వీధి అదిరింది.

"మొదటిసారి తప్పావుగా! తియ్యి బల్ల."

"మాట మారుస్తావా?"

"మా అన్న ఇల్లు. మారుస్తా."

బెల్లక్క గుడ్డల కట్టలన్నీ ఎత్తి గుమ్మం బయట పారేసింది. వాటికోసం ఆడపడుచు బయటికి ఉరకగానే తలుపు మూసేసి బల్ల ముందు కూర్చుంది.

ఆడపడుచు తలుపు తోసింది. బెల్లు గోల. ఎదురింటి కిటికీలో రెండు తలకాయలు, పక్కింటి మెట్ల మీద మూడు. బల్ల పట్టుకోబోయిన ఆమె చేతులు అందరి చూపులకీ ఆగిపోయాయి.

"ఆపు దాన్ని!"

"తలుపు మూస్తే అదే ఆగుతుంది, అమ్మాయ్. నువ్వు బయటుండి మూయి."