రాళ్ళచేనులో నొప్పిలేని జాగా

దయ్యాలంటే నాకు భయం కాదు, విసుగు. మా నాయన వనపర్తిలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా ఉండేవాడు. ఎవరైనా దయ్యాన్ని చూశామని వస్తే, ఏ రంగు చీర కట్టింది, కాళ్ళకు చెప్పులున్నాయా, నువ్వు అప్పుడు ఎటు తిరిగి ఉన్నావు అని అడిగి అడిగి వాళ్ళ నోరు మూయించేవాడు. చదువుతో పాటు ఆ గుణం కూడా నాకు ఆయన దగ్గర నుంచే వచ్చింది. ఇప్పుడు నేను చెప్పేది విని మీరూ అలాగే అడగండి. నాకేం కోపం రాదు. అంతకంటే ఎక్కువ నన్ను నేనే ప్రశ్నించుకున్నాను.

పెళ్ళయ్యాక తిమ్మాజిపేట దగ్గరి పల్లెకు కాపురానికి వచ్చాను. నిజాం కాలం, పెద్ద యుద్ధం ఇంకా మొదలు కాలేదు. ఇంట్లో మా ఆయన, మా అత్త, ఆడబిడ్డ బాలమణి. మామ నేను రాకముందే పోయాడు. ఉన్న భూమంతా మెట్ట. జొన్న, ఆముదం, కాసిన్ని కందులు వేసేవాళ్ళం. వాన పడితే తినడం, పడకపోతే మబ్బుల వైపు చూస్తూ కూర్చోవడం.

ఒకనాడు చొప్ప బండి మీద కూర్చుని చేను నుంచి ఇంటికి వస్తుంటే చక్రం గుంటలో పడింది. నేను అంత ఎత్తు నుంచి జారి రాతి మీద నడుముతో పడ్డాను. ఎముకలు కట్టే ఆయన వచ్చి ఆకు పసర్లు పూసి కట్టు కట్టాడు. కొన్నాళ్ళకు లేచి నడిచాను. అందరూ బాగైందనుకున్నారు. కానీ కుడి తుంటిలో మొదలై, తొడ వెనక నుంచి మడమ దాకా ఒక నొప్పి దిగి అక్కడే కాపురం పెట్టింది. కూర్చుంటే ఒక తీరు, పడుకుంటే ఒక తీరు, తుమ్మితే ఇంకో తీరు. లేకుండా మాత్రం ఉండదు.

గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టారు. అది తడిసి తడిసి తెగిపోయింది గానీ నొప్పి అలాగే ఉంది. చివరికి మా ఆయన బండి కట్టి నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోయాడు. ఆ దారి పొడుగునా ప్రతి రాయీ నా తుంటికి తెలిసింది.

అక్కడి డాక్టరు సాబ్ నెమ్మదస్తుడు. తుంటి మీద బొటనవేలితో ఒకచోట నొక్కగానే నేను కేక పెట్టాను. నరం నలిగిందని, అది మళ్ళీ మామూలు కాదని చెప్పి, నల్లమందు గోలీలకు చిట్టీ రాసిచ్చాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మిరియం కంటే చిన్నవి, నాలుక మీద పెట్టుకుంటే చేదు.

ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పాడు. "ఇది నొప్పిని తీసెయ్యదమ్మా. నిన్ను దానికి జర దూరంగ కూసోబెడ్తది, గంతే."

నిజంగా అంతే. గోలీ పడ్డాక నొప్పి పక్కగదిలోకి పోయేది. మాటలు వినపడుతూనే ఉండేవి, కానీ నాతో కాదు. దానితో పాటు మిగిలినవీ కొంచెం దూరం జరిగేవి. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేదాన్ని. కల్లు తాగకుండానే తూలే కోడలు తనకు దొరికిందని మా అత్త ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. నాకూ నవ్వొచ్చేది.

నవ్వు రానిది ఒకటుంది. పోను పోను గోలీ చాలడం మానేసింది. సాయంత్రం గోలీ కోసం మధ్యాహ్నం నుంచే ఎదురుచూసేదాన్ని. కాస్త ఆలస్యమైతే ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్ళంతా చీమలు పాకినట్టు ఉండేది. పెద్ద గోలీ ఇవ్వమని డాక్టరు సాబ్‌ను బతిమాలాను. ఆయన ఇవ్వలేదు. ఈ రోజు పెంచితే రేపు అది కూడా చాలదని, తాను చాలామందిని చూశానని చెప్పాడు. పెంచితే నేను ఏమైపోతానో తెలుసు. పెంచకపోతే ఎలా బతకాలో తెలియలేదు. అప్పటికి నాకు నిండా పాతికేళ్ళు లేవు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున సద్దిమూట పట్టుకుని రాళ్ళచేనుకు బయలుదేరాను. పేరుకు తగ్గట్టు అది రాళ్ళే పండే చేను. ఇల్లు దాటాక గోలీ వేసుకోలేదని గుర్తొచ్చింది. వెనక్కి పోయే ఓపిక లేక ముందుకే నడిచాను. చేను నడుమకు వచ్చేసరికి కాల్లో పల్లేరు ముల్లు గుచ్చుకుంటే, తీసుకుందామని అక్కడే కూలబడ్డాను.

పక్కింట్లో తిరగలి విసురుతుంటే, ఆ చప్పుడు ఆగాక గానీ ఇంతసేపూ విసిరారని మనకు తెలియదు. అలా ఆగింది నొప్పి.

ముల్లు తీయడం మరిచిపోయి కూర్చున్నాను. కాలు చాపాను, ముడిచాను. అన్నిటికంటే ముందు ఏడుపొచ్చింది. ఆ తర్వాత అనుమానం వచ్చింది. లేచి పక్కకు జరిగాను. తిరగలి మొదలైంది. మళ్ళీ వెనక్కి వచ్చాను. ఆగింది. మా ఆయన దూరం నుంచి చూసి, నేను చేను నడుమ ఏదో ఆట ఆడుతున్నాననుకున్నాడట.

అటు ఇటు జరిగి చూస్తే ఆ జాగా ఒక మంచం పట్టేంత ఉంది. అక్కడ చెట్టు లేదు, నీడ లేదు, గుడి లేదు, సమాధి లేదు. చుట్టూ ఉన్న మట్టే అక్కడా ఉంది. గుర్తుకు ఒక రాయి పెట్టి ఇంటికి వచ్చాను. రాత్రంతా మా నాయన నా లోపల కూర్చుని ప్రశ్నలు వేశాడు.

మరునాడు బాలమణిని తీసుకుపోయాను. రాయి తీసి అవతల పారేయించి, పైట కొంగుతో నా కళ్ళు గట్టిగా కట్టించుకున్నాను. నన్ను గుండ్రంగా తిప్పి, చెయ్యి పట్టుకుని చేనంతా నడిపించమన్నాను. నొప్పి ఆగినచోట ఆగి కళ్ళగంత విప్పి చూస్తే, రాయి తీసిన గుర్తు ఉన్న అదే జాగా. ఎటు నుంచి నడిపించినా అదే. ఒకసారి బాలమణి నన్ను మోసం చేద్దామని వేరేచోట ఆపి, ఇదే వదినా అంది. కాదని నా తుంటి చెప్పింది. ఇద్దరం నవ్వీ నవ్వీ అలిసిపోయాం. పడ్డ నాటి నుంచి నేను అలా నవ్వింది అదే మొదలు.

ఊరు ఊరుకుంటుందా? అక్కడ ఎవరినో పూడ్చారని ఒకరు, అమ్మవారు వెలిసిందని ఒకరు. మా అత్త పసుపు కుంకుమలతో తయారైంది. ముసలివాళ్ళను అడిగి చూశాను. అక్కడ ఎవరూ చావలేదు, ఎవరినీ పూడ్చలేదు. తాతల నాటి నుంచి అది ఆముదాల చేనే. పసుపు పెట్టిన రాయికి రేపు కోడిని అడుగుతారని అత్తతో గొడవపడి ఆ పని ఆపించాను.

ఆ ఎండాకాలంలో గత్తర, అదే కలరా, రాకుండా సూదులు వేయడానికి డాక్టరు సాబ్ మా వైపు వచ్చాడు. సంగతి విని, నన్ను నవ్వులాటకు తీసుకోకుండా చేను దాకా నడిచి వచ్చాడు. దవాఖానలో నేను కేక పెట్టిన చోటే, అంతకంటే గట్టిగా నొక్కాడు. వేలు తెలిసింది, నొప్పి లేదు. ఒకవేళ అక్కడ ఒళ్ళంతా మొద్దుబారుతుందేమోనని అరచేతిలో సూదితో పొడిచాడు. అబ్బా అన్నాను. సూది నొప్పి మామూలుగానే ఉంది. తుంటి నొప్పి ఒక్కటే లేదు.

అంతటితో వదలక, ఒక పగలంతా గోలీ వేసుకోకుండా అక్కడే ఉండి చూడమన్నాడు. ఉన్నాను. ఆవులింతలు రాలేదు, ముక్కు కారలేదు, చీమలు పాకలేదు. గోలీ గుర్తుకే రాలేదు. పొద్దుగూకే వేళకు ఆ జాగా దాటి కాలు పెట్టగానే అన్నీ కట్టగట్టుకుని మీద పడ్డాయి.

ఏమిటిదని అడిగితే ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. "నేను చదివిన చదువుల గిది లేదమ్మా. నాకు తెల్వదు. కూసోవాలనిపిస్తె కూసో." తెలియనిదాన్ని తెలియదనే మనిషి దొరికినందుకు నాకు ధైర్యం వచ్చింది.

అప్పటి నుంచి పొద్దుటి గోలీ మానేశాను. పని చూసుకుని చేనుకు పోయి అక్కడే కూర్చునేదాన్ని. విస్తర్లు కుట్టడం, కందులు ఏరడం, ఆముదాలు ఒలవడం అన్నీ అక్కడే. సాయంత్రం ఒక్క గోలీ. పప్పులో ఉప్పు సరిగ్గా పడసాగింది. కోడలు చేను నడుమ దర్బారు పెట్టిందని మా అత్త ఎగతాళి చేసేది గానీ, ఎండ పడకుండా నాలుగు కర్రలు పాతించి పైన చొప్ప పరిపించింది కూడా తనే.

మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. ఆ తర్వాతి ఏడూ అంతే. ఊరి చేదబావిలో బురద వచ్చింది. ఒక ఎద్దును అమ్మేశాం. రెండోది డొక్కలు తేలి నిలబడలేకపోయింది. బావి తవ్వకపోతే ఊరు విడిచి పోవడమే. ఎక్కడ తవ్వాలనే మాట వచ్చినప్పుడు మా అత్త తన లెక్క చెప్పింది. నొప్పంటే వేడి. ఆ వేడి అక్కడ చల్లారుతోందంటే కింద నీళ్ళున్నట్టే. ఇదేం లెక్క అని నేను కొట్టిపారేశాను. నీళ్ళు చూసే ఆయన్ని పిలిపించారు. ఆయన వేపపుల్ల పట్టుకుని చేనంతా తిరిగి తిరిగి సరిగ్గా నా పందిరి కింద ఆగాడు. మా అత్త ముందే చెవిలో వేసి ఉంటుందని నా అనుమానం. ఆమె చివరిదాకా ఒప్పుకోలేదు.

మా ఆయన ఆ రోజంతా చేను గట్ల మీద తిరిగాడు. సాయంత్రం పందిరి దగ్గరికి వచ్చి ఎండలోనే నిలబడ్డాడు.

"నువ్వు వద్దంటె తవ్వియ్య. పాలమూరు దిక్కు పోయి కూలి చేసుకుందం. నీ మీద ఒక్క మాట రానియ్య."

ఆ మాట అనకుండా తవ్వించి ఉంటే పోట్లాడేదాన్ని. అన్నాక ఏం చెయ్యను? నేనున్న చోట నాకు హాయిగానే ఉంది, ఎదురుగా ఆయన మెడ ఎముకలు కనిపిస్తున్నాయి.

"తవ్వుండ్రి," అన్నాను. "రేపు ఒక్కదినం నన్ను కూసోనియ్యుండ్రి."

మరునాడు పని ఏదీ తీసుకుపోలేదు. ఊరికే పడుకున్నాను. మధ్యాహ్నం మా అత్త జొన్నరొట్టె తెచ్చి నా పక్కన కూర్చుంది. ఎగతాళి చేయలేదు. నా కుడికాలు తన ఒళ్ళో పెట్టుకుని, నొప్పి లేని ఆ కాలినే పొద్దు వాలేదాకా ఒత్తింది.

తవ్వకం మొదలైన రోజు, మోకాలి లోతు గుంత కాగానే దిగి కూర్చుని చూశాను. నొప్పి లేదు. అంటే అది పైమట్టిలో లేదు, కిందికి ఉంది. ఎంత కిందికో చూడాలని ప్రాణం కొట్టుకుంది. కానీ ఆ తర్వాత బండ తగిలింది. తూటాలు పేల్చడం మొదలుపెట్టాక నన్ను గట్టు దగ్గరికి రానివ్వలేదు. ఒక పేలుడుకు బండ చీలి నీళ్ళు వచ్చాయి. తియ్యటి నీళ్ళు. ఊరంతా చూడ్డానికి వచ్చింది. నేను పొద్దుటి గోలీ మళ్ళీ మొదలుపెట్టి, అడిగి తెచ్చిన ఎద్దులతో మోట తోలుతున్న మా ఆయన్ని చూస్తూ నిలబడ్డాను. సంతోషంగానే ఉంది. అసూయగానూ ఉంది, ఆ నీళ్ళ మీద.

ఆ బావి ఎండలేదు. ప్రతి ఎండాకాలం మా ఆయన తాడుకు రాయి కట్టి లోతు చూసేవాడు. ఎండొద్దని ఇంటిల్లిపాదీ మొక్కుకునేవాళ్ళు. నేనూ మొక్కుకునేదాన్ని, మొక్కుతూ ఒక్కసారి ఎండితే బాగుండనుకునేదాన్ని. అన్నేళ్ళలో గోలీ మాత్రం పెంచమని అడగలేదు. ఎందుకు అడగాలనిపించలేదో అదీ నాకు తెలియదు.

యుద్ధం జరుగుతూ కిరోసిన్ దొరకని రోజుల్లో మళ్ళీ కరువొచ్చింది. బావి అడుగున పాదాలు తడిసేంత నీరే మిగిలింది. ఊట ఎటు పోయిందో చూడ్డానికి మా ఆయన దిగి, అడుగున చేరిన పూడికను గంపల్లో పైకి పంపి, పైకొచ్చాక నా దగ్గరికి వచ్చాడు.

"దింపుత. చూస్తవా?"

ఆ పొద్దుటి గోలీ నేను వేసుకోకుండా చేతిలోనే పట్టుకుని ఉన్నాను. ఆయనకు తెలుసు. అది నా చేతిలోంచి తీసుకుని తన రుమాలు కొసన ముడివేసుకున్నాడు. నన్ను గంపలో కూర్చోబెట్టి, ఆయనా మరో ఇద్దరూ తాడు వదిలారు. రాతి గోడలు రాసుకుంటూ, తుంటి అరుస్తూ దిగాను. గంప నీళ్ళను తాకింది.

తిరగలి ఆగింది.

చల్లటి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. పైన గుండ్రంగా ఆకాశం, అంచున మా ఆయన తల, పక్కన అత్త తల. బావి మాది, నీళ్ళు మావి, జాగా నాది. ఎంతసేపున్నానో తెలియదు. ముందుగా చూసింది నా మోకాళ్ళు తడవడం. పూడిక తీయడంతో ఊట తెరుచుకుంది. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. పైనుంచి పిలుస్తున్నారు. నడుము దాకా వచ్చాయి. ఇంకాసేపుంటే ఏమవుతుందో తెలుసుకోవాలనిపించింది. అంత హాయిగా ఉన్న మనిషిని ఆ కోరిక ఎంత దూరం తీసుకుపోతుందో కూడా అప్పుడే తెలిసింది. పైకి తియ్యమని తాడు నేనే లాగాను.

అక్కడేముందో నాకు ఈనాటికీ తెలియదు. మా నాయన అడిగే ప్రశ్నలన్నీ అడిగాను, ఒక్కదానికీ జవాబు దొరకలేదు. ఆ తర్వాత బావి అడుగు మళ్ళీ ఎవరికీ కనిపించలేదు.

గట్టు మీద కాలు పెట్టగానే తిరగలి మొదలైంది. ఎవరూ ఏమీ అడగకముందే చెయ్యి చాపాను. మా ఆయన రుమాలు ముడి విప్పి గోలీ నా చేతిలో పెట్టాడు. మా అత్త ఆ బావి నీళ్ళే చెంబుతో ముంచి ఇచ్చింది.