పొగ రాని డబ్బా

మా డాక్టరుగారు మదనపల్లెలో కాపురం ఉండేవాడు. అలవాటుకొద్దీ 'గారు' అని రాశాను గానీ ఆ మర్యాదకు ఆయన తగడు. చౌడేపల్లె అవతల ఒక పల్లెలో ఉన్న మా పశువుల ఆసుపత్రికి వారానికొకసారి వచ్చి, హాజరుపట్టీలో ఆరు రోజుల సంతకాలూ ఒక్కసారే బరబరా గీకేసి, టీ తాగి మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయేవాడు. నేను కాంపౌండరును. తాళం తీసేదీ, సూదులేసేదీ, రైతుల చేత తిట్లు తినేదీ నేనే. ఆయన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆసుపత్రిలో అన్నిటికన్నా ముఖ్యమైనది నైట్రోజన్ డబ్బా. ఎదకొచ్చిన ఆవులకు ఎక్కించే వీర్యాన్ని సన్నటి గొట్టాల్లో నింపి, ఆ డబ్బాలోని ద్రవ నైట్రోజన్ చలిలో గడ్డకట్టించి ఉంచుతారు. నైట్రోజన్ ఆవిరైపోతూ ఉంటుంది కాబట్టి పదిహేను రోజులకొకసారి వ్యాను వచ్చి నింపి పోయేది. ఆ రోజు ఎవరో ఒకరు ఉండి తీరాలి. లేకపోతే లోపలి సరుకంతా చచ్చిపోతుంది. మూత తీయగానే బుస్సున తెల్లటి పొగ వస్తే డబ్బా బాగున్నట్టు.

తొంభైల చివర్లో ఒక ఎండాకాలం, సరిగ్గా వ్యాను వచ్చే వారమే, కుప్పంలో మా బావమరిది గృహప్రవేశం పడింది. ఆ ఒక్క రోజు ఆసుపత్రిలో ఉండమని డాక్టరును అడిగాను.

"నాకు పనుండాదయ్యా, నువ్వే సూసుకో" అన్నాడు.

నాకు రోషం పొడుచుకొచ్చింది. పెద్ద ఉద్యోగం ఆయనది, కాపలా నాదా? తాళం వేసి బస్సెక్కాను. మరునాడే తిరిగి రావచ్చు. రాలేదు. అత్తగారింట్లో కడుపునిండా తిని, నిద్రపోయి, నాలుగు రోజులు హాయిగా ఉండిపోయాను. వ్యాను వచ్చి తాళం చూసి పోయిందట. నేను వచ్చి మూత తీస్తే పొగ లేదు. కర్ర దించి చూస్తే అడుగున కూడా చలి తగల్లేదు.

డాక్టరు వచ్చినప్పుడు సంగతి చెప్పాను. గొట్టాలు పారేసి, పై ఆఫీసుకు రాద్దామన్నాను.

"రాస్తే ఇద్దరికీ మెమోలొస్తాయి. యాల ఈ తలనొప్పి? కొత్తవి వచ్చేదాకా ఇవే ఏస్తా ఉండు. ఎవురికి తెలుస్తాది?" అని మూతి తుడుచుకుని బస్సుకు పోయాడు.

థూ, ఇదీ ఒక బతుకేనా అనుకున్నాను. అనుకుని, అక్షరాలా ఆయన చెప్పినట్టే చేశాను.

ఆ వారమే ఒకామె ఆవును తోలుకొచ్చింది. మొగుడు పోయాడు, ఆమెకున్నది ఆ ఒక్క ఆవే. పూటపూటా డెయిరీకి పాలు పోసి ఇల్లు నడుపుకునేది. పాలు తగ్గిపోతున్నాయి, ఈసారి చూడి నిలవకపోతే ఆవు వట్టిపోతుందని ఆమె బెంగ. నేను చచ్చిన గొట్టాన్ని తీసి, గడ్డ కరిగించే వాడిలాగా గోరువెచ్చటి నీళ్ళలో ముంచాను. అందులో కరగడానికేముంది, నా మొహం! ఆమె చూస్తోందని ముంచాను.

"ఈపొద్దు పొగ రాలేదేమప్పా?" అనడిగింది.

"ఎండకాలం గదమ్మా, కనపడదు" అన్నాను.

ఇరవై ఒక్క రోజులకు ఆవు మళ్ళీ ఎదకొచ్చింది. ఆమె మళ్ళీ తోలుకొచ్చింది. వ్యాను చెడి మూలపడిందని నైట్రోజనూ రాలేదు, కొత్త సరుకూ రాలేదు. చౌడేపల్లె ఆసుపత్రికి తోలుకుపొమ్మని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఎందుకని అడుగుతుందేమోనని చెప్పలేదు. మూడోసారి ఆమె ఆవు మెడ నిమురుతూ, "దీంట్లో ఏమన్నా లోపముండాదా అప్పా?" అంది.

"ఉండొచ్చమ్మా. గర్భసంచిలో వాపున్నట్టుండాది" అన్నాను. ఇంత అబద్ధం నోటికి అంత సులువుగా ఎట్లా వచ్చిందో! డాక్టరును తిట్టుకుని తప్పించుకుందామంటే కుదరదు. ఆయన ఆ ఆవును చూడనైనా చూడలేదు.

ఆవు వట్టిపోయింది. కొత్త గొట్టాలు వచ్చి, మూత తీస్తే మళ్ళీ పొగ లేచిన వారం ఆమె ఒంటరిగా ఆసుపత్రికి వచ్చింది. పుంగనూరు సంతలో ఆవును అమ్మేశానని చెప్పింది. లోపమున్న ఆవని తానే బయటపెట్టిందట, దాచి అమ్మడానికి మనసొప్పక. అది విన్నాక ఏ రైతూ పలుపు పట్టుకోలేదట.

"కోతకు కొనేటోళ్ళే తోలుకపోయిరప్పా" అంది. కొంగుతో కళ్ళొత్తుకుంది. "నువ్వేం జేస్తావులే. దానికోసం మూడుసార్లు తంటాలు పడితివి."

"ఔనమ్మా" అన్నాను.