ఆరో నంబరు కుక్క నెత్తురు

ఎనభై మూడులో నంద్యాల పశువుల ఆసుపత్రికి ఆనందరావు అనే కుర్ర డాక్టరు ఒక పరిశోధన తగిలించుకుని వచ్చాడు. మగకుక్కల నెత్తురులో మగ హార్మోను ఎంతుందో కొలవాలట. అది పూటపూటకూ మారుతుందట, అందుకని ఆరు కుక్కలకు నలభై రోజులపాటు సరిగ్గా తెల్లారి ఆరింటికే ముందరికాలి నుంచి నెత్తురు తీయాలట. డాక్టరు సూది పట్టుకుంటాడు సరే, కుక్కను పట్టుకునేదెవరు? ఇంకెవరు, అటెండరు జ్ఞానప్రకాశమే.

ఆయనది ఆళ్లగడ్డ. భార్య బాలమ్మ పోయి ఎనిమిదేళ్లు. పిల్లల్లేరు. పరిశోధన పేరు చెప్పి ఆసుపత్రి వరండాలోనే మకాం పెట్టేశాడు. ఇంటికి పోతే మాత్రం పలకరించే దిక్కెవరు, పాపం!

బజార్లో ఒకటే ఎగతాళి. "ఏం ప్రకాశమన్నా, కుక్కల మగతనం కొలుస్తాండారంట. నీది గూడా ఒకసారి చూపించుకోరాదా?" అన్నాడు టీకొట్టు మద్దిలేటి.

"నాది కొలిచేకి మీ ఊరి మిషను సాలదులేప్పా."

నవ్వైతే నవ్వాడు గానీ, ఆ మాట రోజంతా గుచ్చుకుంటూనే ఉంది.

ఐదు కుక్కలు గింజుకునేవి, కరవబోయేవి. ఆరో నంబరు ఎర్రకుక్క అలా కాదు. ఒళ్లోకి తీసుకుంటే చాలు, ఆయన రొమ్ముకు తల ఆనించి కిమ్మనకుండా ఉండేది. ఇన్నేళ్లకు ఒక ప్రాణం తనను నమ్మిందని జ్ఞానప్రకాశం మురిసిపోయాడు. ఎర్రోడు అని పేరు కూడా పెట్టుకున్నాడు.

నెత్తురు నుంచి తీసిన సీరం వారం వారం ఐసుపెట్టెలో హైదరాబాదు పోయేది. నలభై రోజులు నిండేసరికి మొదటి నెల అంకెలు వచ్చాయి. డాక్టరు కాగితం మీద వేలు పెట్టి చూపించాడు.

"మిగతావాటికి ఎక్కువా తక్కువా అవుతాంది ప్రకాశం. ఈ ఆరోదానికి మొదట్లో బాగుండె, పోనుపోను పడిపోయింది. బాగా భయం పట్టుకుంటే ఇట్లయితాది."

"వానికి భయమేంది సార్? నా ఒళ్లో పండుకుంటాడు. మిషనే తప్పు చూపించింటాది. పని అయిపోయింది గదా, వాన్ని నాకియ్యండి."

డాక్టరు సంతోషంగా ఇచ్చేశాడు. ఆళ్లగడ్డ బస్సులో, శిరివెళ్ల దగ్గర కండక్టరు కుక్కను దింపెయ్యమంటే, "నా కొడుకప్పా వీడు" అని ఒళ్లోంచి వదల్లేదు.

మరునాడు ఆళ్లగడ్డలో, తెల్లారి ఆరింటికి ఎర్రోడు తనంతట తానే లేచి దగ్గరికి వచ్చాడు. జ్ఞానప్రకాశం సంబరంగా చేతులు చాచాడు. వాడు ముందరికాలు ఆ చేతిలో పెట్టి, ముఖం గోడవైపు తిప్పుకుని, వణుకుతూ నిలబడ్డాడు.

"సూది లేదురా. పో" అన్నాడు ఆయన.

పోలేదు. కాలు వెనక్కి తీసుకోలేదు. కాగితంలో అంకెలు అబద్ధం చెప్పలేదని అప్పుడు ఆయనకు అర్థమైంది. చివరికి, నెత్తురు తీశాక దూది అదిమినట్టు, ఆ కాలి మీద బొటనవేలు పెట్టి అదిమాడు. వెంటనే ఎర్రోడు కాలు లాక్కుని పోయి మూలన పడుకున్నాడు.

వాడు బతికిన ఆరేళ్లూ రోజూ ఇదే తంతు. ఆ పాడు అలవాటు మాన్పించాలని ఎన్నిసార్లు అనుకున్నాడో! కానీ ఆయనే ఆరు కాకముందే లేచి, చాపమీద కూర్చుని ఎదురుచూసేవాడు. రోజు మొత్తంలో ఆయన చేతిలో ఇంకో ప్రాణి చెయ్యి పెట్టేది ఆ ఒక్క నిమిషమే.